పలకల కింద గలగల

నాకు భయమంటే ఏమిటో తెలియదు పిల్లలూ. చిన్నప్పుడు అడవి దారిలో ఎలుగుబంటి ఎదురొస్తే నేను పక్కకు తప్పుకోలేదు. అదే తప్పుకుంది. తప్పుకుని, "తమరు ముందు దయచేయండి" అన్నట్టు తల కూడా వంచింది. అలాంటి గుండె నాది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ రోజు శనివారం. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నా వీపు మీద పడుతోంది. నేను చర్చిలో కూర్చుని ఒక బల్లకు పాలిష్ పెడుతున్నాను. నేను వడ్రంగిని. ఆ చర్చిలోని బెంచీలన్నీ నా చేతి పనే. కిర్రుమని చప్పుడు చేసేవి మాత్రం ఎవరో వేరేవాళ్లు చేశారు.

మర్నాడు బాప్తిస్మాలు. మా చర్చిలో వేదిక కింద ఒక తొట్టి ఉంది. మామూలు రోజుల్లో దాని మీద చెక్కపలకలు పరిచి ఉంటాయి. వాటి మీదే నిలబడి పాటలు పాడతారు. బాప్తిస్మాలప్పుడు మాత్రం పలకలు తీసి, తొట్టి కడిగి, నీళ్లు నింపుతారు. పాత బతుకు వదిలేసి యేసుప్రభువుతో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తెల్ల అంగీ వేసుకుని, మెట్ల మీదుగా దిగి, ఆ నీళ్లలో మునిగి లేస్తారు.

నీళ్లు నింపే పని ప్లంబర్‌ది. అంగీలు కుట్టే పని టైలరమ్మది. ఇద్దరూ మొగుడూ పెళ్లాలు. వాళ్ల కూతురి పని మాట్లాడటం.

అందుకే ఆ పిల్లను అందరం గలగల అనేవాళ్లం. ఒకసారి దానికి జలుబు చేసి గొంతు పోతే, ఏం కొంప మునిగిందోనని వీధిలో కాకులన్నీ కిటికీ దగ్గరికొచ్చి చూసి వెళ్లాయి.

"తాతా, ఈ పాలిష్ ఎందుకింత ఎర్రగా ఉంది? తాతా, తొట్టిలో చేపలు వదిలితే బతుకుతాయా? తాతా, ఆదాము తప్పు చేసి చెట్ల చాటున దాక్కున్నాడు కదా. దేవుడు 'ఎక్కడున్నావు' అని పిలిచాడట. దేవుడికి తెలీదా వాడెక్కడున్నాడో?"

"మీ సండేస్కూల్ టీచరమ్మను అడగకపోయావా?"

"అడిగా. ముందు ఆ మాట పైకి చదవమంది. 'ఎక్కడున్నావ్!' అని చదివా, మా హెడ్మాస్టర్ గొంతుతో. నవ్వి, ఇంకో వారం మళ్లీ చదువుదువుగానిలే అంది."

నాకూ జవాబు తెలియదు. తెలియనప్పుడు దగ్గడం నా అలవాటు. గట్టిగా దగ్గి, టీ తాగి వస్తానని లేచి వెళ్లాను.

గలగల ఒక్కతే మిగిలింది.

ముందు బెంచీ మీద తెల్ల అంగీలు మడతపెట్టి ఉన్నాయి. "వాటి జోలికి పోయావో చూడు" అని వాళ్లమ్మ చెప్పి మరీ వెళ్లింది. అన్నిటికంటే పెద్ద అంగీ లారీ డ్రైవర్‌ది.

లారీ డ్రైవరంటే పిల్లలకు హడల్. తలుపంత మనిషి, చీపురుకట్టంత మీసాలు. ఒకప్పుడు తాగి వీధిలోకొస్తే జనం తలుపులు వేసుకునేవాళ్లు. ఇల్లు వదిలేసి లారీలోనే పడుకునేవాడు. ఇప్పుడు తాగుడు మానాడు, ఇంటికి తిరిగొచ్చాడు, పూర్తిగా మారిపోయాడు అని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. మీసాలు మాత్రం మారలేదు కదా అని పిల్లలు చెప్పుకునేవాళ్లు.

గలగల ఆ అంగీని గౌను మీదే తొడుక్కుంది. చేతులు కిందికి వేలాడుతున్నాయి. గిర్రున ఒక చుట్టు తిరిగింది. అంగీ గొడుగులా విచ్చుకుంది. బాగుంది. ఇంకో చుట్టు తిరిగింది.

చెయ్యి పాలిష్ డబ్బాకు తగిలింది.

అంగీ ముందు భాగమంతా ఎర్రటి మరక. అరచేత్తో తుడిచింది. మరక ఇంకా పెద్దదైంది. రెండు చేతులతో తుడిచింది. చేతులు కూడా ఎర్రబడ్డాయి.

సరిగ్గా అప్పుడే బయట లారీ హారన్ మోగింది.

గలగల అటూ ఇటూ చూసింది. అంగీ విప్పి బెంచీ వెనక పడేసింది. వెనక తలుపు దగ్గర ఎవరివో అడుగుల చప్పుడు. ఇంకెటు పోవాలో తోచక వేదిక ఎక్కి, కడిగి ఆరబెట్టిన ఖాళీ తొట్టిలోకి దిగింది. తొట్టి ఒక చివర వేదిక కిందికి పోతుంది. పైనుంచి చూస్తే ఆ మూల కనపడదు. అక్కడ ముడుచుకుని కూర్చుంది.

వచ్చింది నేనూ, వాళ్ల నాన్నా. నేరుగా వేదిక మీదికే వెళ్లాం, బెంచీల వైపు చూడలేదు.

"తాతా, పలకలు వేసెయ్" అన్నాడు ప్లంబర్. "నీళ్లు నిండేసరికి పొద్దుపోతుంది. ఈలోగా ఎవరైనా కాలు జారి పడతారు. పైపుకు మాత్రం కాస్త సందు ఉంచు."

నేను పలకలు పరిచాను. తొట్టి అంచు మీద ఎర్రటి వేలిముద్రలు కనిపించాయి. నావే అనుకున్నాను. పాలిష్ పనిలో ఉంటే నా చేతులు ఎప్పుడూ ఆ రంగులోనే ఉంటాయి మరి.

లోపల ఏం జరిగిందో తర్వాత గలగలే నాకు చెప్పింది. ఒక్కో పలక పడుతుంటే ఒక్కో ముక్క వెలుతురు పోయిందట. పైన నేను ఏదో పాట కూనిరాగం తీస్తున్నానట. "తాతా" అంటే చాలు. రోజంతా నా చెవి కొరికేసే నోరు ఆ ఒక్క మాట అనలేదు.

చివరి పలక పడింది. పైపు గుర్రుమంది. నీళ్లు మొదలయ్యాయి.

చల్లటి నీళ్లు. ముందు పాదాలు తడిశాయి. గలగల లేచి నిలబడింది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే, ఎదుటి గోడ మీద ఒక బల్లి. మామూలు బల్లి కాదు, పిల్లి అంత బల్లి! రెప్ప వేయకుండా గలగలనే చూస్తోంది.

ఇంతలో పైనుంచి వాళ్లమ్మ కేక. "అయ్యో! ఈ అంగీ చూడండి! ఏదీ ఈ పిల్ల?"

తర్వాత వాళ్ల నాన్న గొంతు. "ఎక్కడున్నావ్!"

ఆ గొంతు పలకల మీద పిడిగుద్దులా పడింది. చంపేస్తాడు అనుకుంది గలగల. ఊపిరి బిగబట్టింది. బల్లి కూడా కదల్లేదు.

"ఎక్కడున్నావే!" అడుగులు అటు పరుగెత్తాయి, ఇటు పరుగెత్తాయి. బయట లారీ హారన్ మోగుతోంది. ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. మీసాలాయన కూడా తనను పట్టుకోవడానికే బయల్దేరాడు అనుకుంది.

కాసేపటికి అన్ని చప్పుళ్లూ ఆగిపోయాయి. అందరూ వీధుల్లోకి వెళ్లిపోయారు.

నీళ్లు మోకాళ్లు దాటాయి. మెట్టు ఎక్కింది. నీళ్లూ వెనకే ఎక్కాయి. ఇంకో మెట్టు ఎక్కేసరికి తల పలకకు కొట్టుకుంది. రెండు చేతులతో పైకి నెట్టింది. నేను బిగించిన పలక కదా, ఊరికే కదులుతుందా?

"నాన్నా!" అని అప్పుడు అరిచింది. "తాతా!"

పైపు హోరులో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు. వినడానికి అక్కడ ఎవరూ లేరు కూడా.

మేమంతా బయట వెతుకుతున్నాం. కొట్ల వెనకాల చూశాం. బస్టాప్ చూశాం. బడి గేటు ఎక్కి లోపల చూశాం. టైలరమ్మ చేతిలో ఆ మరకల అంగీ అలాగే ఉంది, ఎక్కడా పెట్టాలని కూడా తోచలేదు పాపం. ప్లంబర్ ఎదురొచ్చిన ప్రతివాణ్నీ ఆపి అడుగుతున్నాడు. గొంతు బొంగురుపోయింది.

"మళ్లీ చర్చిలో చూద్దాం" అన్నాడు.

"అక్కడ చూశాం కదరా" అన్నాను.

"మళ్లీ చూద్దాం తాతా."

ఖాళీ చర్చిలో నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. ప్లంబర్ బెంచీల కింద పాక్కుంటూ చూశాడు. వేదిక దాకా వచ్చి ఆగిపోయాడు. వంగి, తొట్టి అంచు మీద ఉన్న ఎర్రటి ముద్రను చూశాడు. తన వేలు దాని పక్కన పెట్టాడు.

"తాతా" అన్నాడు మెల్లగా, "నీ బొటనవేలు ఇంత చిన్నదా?"

పిల్లలూ, నా చేతులతోనే ఆ పలకలు వేశాను. సుత్తి పట్టుకోబోతే మూడుసార్లు జారిపోయింది. ఇక దాచడం దేనికి? ఆ ఎలుగుబంటి ఎవరిదో పెంపుడు నల్లకుక్క. పక్కకు తప్పుకున్నదీ, తల వంచిందీ నేనే. ఆ రోజు చర్చిలో పడినంత భయం ఆ కుక్క దగ్గర కూడా పడలేదు.

ప్లంబర్ నా కోసం ఆగలేదు. గోళ్లు చిరిగేలా పట్టి పలక లేపేశాడు.

వెలుతురు ఒక్కసారిగా లోపల పడింది. మెట్ల మీద గలగల ఉంది. బతికే ఉంది. తడిసి, వణుకుతూ, ఎర్రటి చేతులు గుండెకు ఆనించుకుని ఉంది. వాళ్ల నాన్న మొహం చూసింది.

చూసి వెనక్కి పోయింది.

ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టు దిగింది. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"రా అమ్మా" అన్నాడు వాళ్ల నాన్న, చెయ్యి చాచి.

రాలేదు. ఇంకా చీకట్లోకి జరిగింది.

అప్పుడాయన పైనుంచి పిలవడం మానేశాడు. చెప్పులు విప్పలేదు, జేబులో ఫోన్ తియ్యలేదు. ఉన్నవాడు ఉన్నట్టే నీళ్లలోకి దిగిపోయాడు. ఆ మూలదాకా వెళ్లి, కూతురి పక్కనే నిలబడ్డాడు. ఆయన కూడా వణుకుతున్నాడు.

"నాన్నా, డ్రైవర్ అంకుల్ అంగీ పాడు చేశా."

"తెలుసు."

"తెలిసే వెతికావా?"

"తెలిసే వెతికా."

"కొట్టడానికి కాదా?"

"పిచ్చి మొహమా, కోప్పడేవాణ్ని ఇంట్లో కూర్చునే కోప్పడనా? ఇంత దూరం వెతుక్కుంటూ రావాలా?"

గలగల రెండు ఎర్రటి చేతులతో ఆయన మెడ చుట్టేసింది. ఆయన చొక్కా మీద రెండు అరచేతులు అచ్చు పడ్డాయి.

పైపు ఎవరో కట్టేశారు. తలెత్తి చూస్తే లారీ డ్రైవర్. తలుపంత మనిషి ఆయాసపడుతున్నాడు. "దొరికిందా? వీధులన్నీ హారన్ కొడుతూ తిరిగా, వింటే బయటికొస్తుందని" అంటూనే మీసాలు తుడుచుకున్నాడు. మీసాలు కాదులెండి, కళ్లు.

గలగలను పైకి తీసుకొచ్చారు. టైలరమ్మ చీర కొంగుతో తల తుడుస్తూ ఏదో చెప్పబోయింది.

"నువ్వొద్దమ్మా, నేనే చెప్తా" అంది గలగల. పళ్లు టకటకలాడుతున్నాయి. వెళ్లి డ్రైవర్ ముందు నిలబడింది. "అంకుల్, మీ అంగీ నేనే తొడుక్కున్నా. పాలిష్ నేనే పోశా. దాచింది కూడా నేనే."

డ్రైవర్ టైలరమ్మ చేతిలోంచి అంగీ తీసుకుని, విప్పి, తన ఒంటికి ఆనించి చూసుకున్నాడు.

"ఇదే వేసుకుంటా" అన్నాడు.

"రాత్రికి ఇంకోటి కుట్టేస్తానండీ" అంది టైలరమ్మ.

"ఎందుకమ్మా? నన్ను వెతికిన ప్రభువు, నా మరకలన్నీ పోయాక వస్తానని ఆగలేదు. నేను పడి ఉన్న గుంటలోకే దిగాడు." గలగల వైపు వంగాడు. "అయినా మరీ తెల్లగా వెళ్తే నన్నెవరు గుర్తుపడతారు? ఎవరో పెళ్లికొడుకు అనుకోరూ?"

గలగల మీసాల కింద నవ్వును మొదటిసారి దగ్గర్నుంచి చూసింది.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు అంగీని ఉతికారు. గలగల చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దింది. మరక కాస్త వెలిసింది, పోలేదు. మర్నాడు ఆయన దానితోనే నీళ్లలోకి దిగి లేచాడు. ముందు వరసలో గలగల కూర్చుంది. ఆరాధన అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. బయట కాకులు కంగారుపడే ఉంటాయి.

తర్వాతి ఆదివారం సండేస్కూల్లో చిన్న గోల. బుడ్డోడని ఒకడున్నాడు, అందరికంటే చిన్నవాడు. టీచరమ్మ ఇష్టంగా చూసుకునే పెద్ద బొమ్మల చార్టును చింపేసి బెంచీ కిందికి దూరాడు. పిల్లలంతా చుట్టూ మూగారు.

"దొరికాడు దొంగ!"

"బయటికి రారా, నీ పని అయిపోయింది!"

వాడు ఇంకా లోపలికి, గోడ దాకా పాకాడు.

గలగల వాళ్లను పక్కకు జరిపింది. కొత్త గౌను వేసుకుని ఉంది. అయినా నేల మీద బోర్లా పడుకుని, దుమ్ములో పాకుతూ బెంచీ కిందికి వెళ్లింది. వాడి పక్కన తల ఆనించింది. వాడి మొహం జానెడు దూరంలో కనిపిస్తూనే ఉంది.

అయినా అడిగింది, మెల్లగా.

"ఎక్కడున్నావు రా?"

వాడు ముక్కు ఎగబీల్చాడు. "ఇక్కడే."

"సరే. నేను కూడా ఇక్కడే ఉంటా. నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు ఇద్దరం వెళ్లి టీచరమ్మకు చెబుదాం."

పైన టీచరమ్మ పిల్లలందరినీ "ష్" అని కూర్చోబెట్టింది. గలగల చేత ఆ 'ఎక్కడున్నావు'ను మళ్లీ చదివించలేదు, సరైన గొంతుతో అప్పుడే విన్నది కదా.

కథ ఇంతే. ఇందులో నేను కల్పించింది ఒక్కటి ఉంది, అది కూడా చెప్పేస్తాను. తొట్టిలో బల్లి లేదు. పిల్లి అంతదీ లేదు, అసలు బల్లే లేదు. చీకటి, నీళ్లు, ఆ పిల్ల, అంతే. కానీ పలకలు వేసింది నేను కదా. కథ చెప్పిన ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి, దాన్ని ఆ చీకట్లో ఒక్కదాన్నే వదలడానికి నాకు చేతులు రావు. అందుకని వాళ్ల నాన్న వచ్చేదాకా తోడుగా ఉంటుందని ఒక బల్లిని పెట్టాను.