గొట్టం వద్దన్న అక్క

అక్క పోయింది మధ్యాహ్నం పన్నెండింటికి. ఆమెను కింద మార్చురీకి తీసుకెళ్లాక, సామాన్లు సర్దుకోమని నర్సు తమ్ముణ్ణి ఆమె ఉన్న ఆసుపత్రి గదిలోకి పంపింది. కళ్లజోడు, దువ్వెన, శాలువా. అంతే.

అక్క రైల్వే స్టేషన్లో ముప్పై ఏళ్లు మైకులో బళ్ల రాకపోకలు చెప్పిన మనిషి. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. జబ్బు ముదిరిందని తెలిసిన రోజే కాగితం రాసి, సంతకం పెట్టి, అతని చేతికిచ్చింది. "నా గొంతులో గొట్టం వెయ్యనివ్వకురా. మాట ఉండగానే పోతాను."

సరేనన్నాడు. తీరా ఊపిరి అందని రోజున, అక్కను చేజేతులా చంపుకున్నాడని నలుగురూ అంటారేమోనని జంకాడు. అలాంటి కాగితమేదీ లేదని డాక్టరుకి చెప్పేశాడు.

గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషనుకు తగిలించారు. పందొమ్మిది రోజులు. గొట్టం పీక్కుంటోందని ఆమె చేతులు మంచం కమ్మీలకు కట్టేశారు. ఆమె అతని వంకే చూసేది. అతను కిటికీలోంచి బయటికి చూసేవాడు.

ఇప్పుడా కిటికీ నిండా ఎండ. గదంతా మందుల వాసన. దువ్వెన సంచిలో వేస్తుంటే వెనకాల మిషను ఊపిరి పీల్చింది.

బుస్స్... టప్. బుస్స్... టప్.

తిరిగి చూశాడు. ప్లగ్గు ఊడి నేల మీద పడుంది.

ఖాళీ పరుపు మధ్యలో గుంట పడింది. ఎవరో ఒత్తిగిలినట్టు ఆ గుంట ఇటు జరిగింది...

"అక్కా," అన్నాడు గుసగుసగా. "నీ మీద ప్రేమతోనే..."

ఆ అబద్ధం పూర్తికాలేదు. చల్లటి చెయ్యి ఒకటి అతని మణికట్టు పట్టుకుంది. రెండోది కూడా. మంచం మీద వెల్లకిలా పడ్డాడు. నోరు దానంతటదే తెరుచుకుంది. పళ్లకు రాసుకుంటూ ఏదో లోపలికి దిగింది... ఇంకా... ఇంకా. అరవబోయాడు. గొంతులో ఖాళీ లేదు.

చెవి పక్కన అక్క, మైకు ముందు కూర్చున్నంత నింపాదిగా అంది.

"తొందరేం లేదురా. ఉండు."

నర్సు వచ్చేసరికి మంచం మీద ఒక్కడే గిలగిల్లాడుతున్నాడు. అతను గదిలోకి వెళ్లి పది నిమిషాలు కూడా కాలేదని ఆమె తర్వాత అందరికీ చెప్పింది. మాట రావట్లేదని సైగ చేస్తే డాక్టరు లైటు వేసి గొంతులోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఇవాళ్టి పుండు కాదు," అన్నాడు. "గొట్టం నెలల తరబడి ఉన్నట్టుంది. ఎక్కడ వేయించుకున్నారు?"