గాలి రాని కొలిమి

కృపానందాన్ని కొండపల్లి రైల్వే స్టేషన్ బయట పట్టపగలే చంపేశారు. కొడవలికి పదును పెట్టించుకునే వంకతో వచ్చినవాడు సైలెన్సర్ పిస్టల్‌తో రెండుసార్లు కాల్చి, బెజవాడ బస్సెక్కి వెళ్ళిపోయాడు. మూడు కాళ్ళ మీద ఇనుప పళ్ళెం, పక్కన చేత్తో తిప్పే గాలి పంకా ఉన్న చిన్న కొలిమి ముందు, కమ్మరి వేషంలో నాలుగు నెలలు ఎండలో కూర్చున్న ఇంటెలిజెన్స్ ఏజెంట్ అతను.

అది 1997 నవంబరు.

"ఆఖరి మెసేజ్ ఏమిటి సార్?" అన్నాడు ఏజెంట్ తిరుపతిరావు.

చీఫ్ దుర్గాప్రసాద్ ఒక చీటీ ముందుకు తోశాడు. 'గాలి రాని కొలిమితో జాగ్రత్త.'

"ఎప్పుడొచ్చింది?"

"పదకొండు రోజులైంది. తన కొలిమి పాడైందేమో అనుకున్నాం. ఫైల్ చేశాం."

తిరుపతిరావుకి ఒళ్ళు మండిపోయింది. "రిపేరు కోసం ఎవడైనా కోడ్‌లో అర్జీ పెట్టుకుంటాడా అండీ?"

"కోపం తర్వాత. ఇవాళ పదకొండింటికి బందరు రోడ్డులో పాత పనిముట్ల ఎగ్జిబిషన్. దక్షిణాది పవర్ గ్రిడ్ ఇంజనీర్లు నలభై మంది వస్తున్నారు. విదేశీ ముఠా కన్ను వాళ్ళ మీదుందని అనుమానం. ఎలా కొడతారో తెలీదు. నిర్వాహకురాలు మనోజ్ఞ మన ఇన్‌ఫార్మరే. కోడ్ 'లాడాలు కావాలా?' జవాబు 'గుర్రం ఏదీ?' కమ్మరిగా వెళ్ళు. నేను వెనక గుమ్మంలో ఉంటాను."

హాల్లో మనోజ్ఞని చూడని మగవాడు లేడు. నల్ల పట్టుచీర, జుట్టు మీదికి నెట్టిన చలవ కళ్ళద్దాలు.

"లాడాలు కావాలా అమ్మా?"

"గుర్రం ఏదీ?" అని నవ్వి, వేదిక మీది కొలిమి చూపించింది. "ఫీల్డ్ ఫోర్జ్. వందేళ్ళ నాటిది. ఫిరంగి బళ్ళ వెంట వెళ్ళేది. దళం ఎక్కడాగితే అక్కడే లాడాలు కొట్టేవారు. తర్వాత వంతెనలు కట్టేవాళ్ళు రివెట్లు ఇలాంటి వాటి మీదే ఎర్రగా కాల్చారు. దీన్ని ఫారిన్ నుంచి నేనే తెప్పించాను."

"ఓసారి తిప్పి చూడనా అండీ?"

"వద్దు! చీఫ్ గెస్టే తిప్పాలి. ఏమిటో, కొండపల్లిలో కూర్చున్నాయనా ఇంతే. అన్నీ ముట్టుకోబోయేవాడు."

తిరుపతిరావు ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. కొండపల్లి ఆపరేషన్ సంగతి ఇన్‌ఫార్మర్లకు చెప్పలేదు. కృపానందాన్ని పట్టిచ్చింది ఈవిడే!

బొగ్గులు సర్దుతున్నట్టు వంగి, పళ్ళెం అడుగున గాలి వచ్చే రంధ్రంలో వేలు పెట్టాడు. గట్టి మైనం. మైనంలో తీగ. అంటే పంకా ఉండాల్సిన డబ్బా నిండా మందుగుండు! కృపానందం చెప్పిన గాలి రాని కొలిమి ఇదే.

అప్పటికే చప్పట్లు. చీఫ్ గెస్ట్, రిటైర్డ్ చీఫ్ ఇంజనీర్ రామకోటేశ్వరరావు హ్యాండిల్ పట్టుకుని అరచుట్టు తిప్పేశారు. లోపల ఏదో స్ప్రింగు విడినట్టు టిక్కుమంది.

తిరుపతిరావు పట్టకారును పళ్ళచక్రాల మధ్య దూర్చేశాడు. హ్యాండిల్ బిగుసుకుపోయింది.

"ఎవడ్రా నువ్వు? వదులు!"

"మీరే వదలండి! అందరూ బయటికి నడవండి!"

"నన్ను ఆర్డర్ చేస్తావా?"

"చేస్తానండీ! నడవండి!" ఆ అరుపుకి హాలు అదిరింది. కుర్చీలు పడ్డాయి, జనం తోసుకుంటూ బయటపడ్డారు.

మనోజ్ఞ కదల్లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసింది. "పాపం, మీవాళ్ళందరికీ తొందరెక్కువ."

తిరుపతిరావుకి పట్టకారు వదిలి ఆమె మీదికి దూకాలన్నంత కోపం వచ్చింది. పళ్ళు బిగించి పట్టు బిగించాడు.

"కాల్చు. పట్టకారు జారితే నువ్వూ గుమ్మం దాటవు. నాలుగు నెలలు ఎండలో మాడిన మనిషిని చంపించావు కదే! కాల్చు!"

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణంలోనే వెనకనుంచి దుర్గాప్రసాద్ చెయ్యి ఆమె మణికట్టుని విరిచి పట్టుకుంది.

బాంబ్ స్క్వాడ్ తీగ కత్తిరించేదాకా, ఇరవై నిమిషాలు, తిరుపతిరావు పట్టకారు వదల్లేదు. ఆ సాయంత్రానికి కొండపల్లి హంతకుడితో సహా ముఠా అంతా దొరికింది. పేపర్లకు మాత్రం షార్ట్ సర్క్యూట్ అని చెప్పారు.

కాబట్టి ఆనాటి సాహసానికి ప్రభుత్వ రికార్డుల్లో మిగిలిన సాక్ష్యం ఒక్కటే. రామకోటేశ్వరరావుగారు కలెక్టరుకు రాసిన ఫిర్యాదు: "కొలిమి దగ్గర పెట్టిన మనిషికి పెద్దా చిన్నా తెలియదు. ఇకమీదట ఇలాంటివాళ్ళని పిలవవద్దు."