అత్తగారి కిటికీ తెర

ఆ ఇంట్లో రెండు రోజులుగా పాలజగ్గు లేదు. ఉండటానికి ఉంది, కానీ అత్తగారి బల్ల మీద ఉంది. బల్ల ఎక్కిన వస్తువు బొమ్మ పూర్తయ్యేదాకా దిగదన్నది ఆ ఇంటి చట్టం. కిందటి నెలలో కొడుకు బూటు ఒకటి ఎక్కి కూర్చుంటే, పాపం అతను నాలుగు రోజులు ఆఫీసుకి చెప్పులతో వెళ్లాడు. బొమ్మలు గీసుకోవడానికి అత్తగారికి కొండలూ కోటలూ అక్కర్లేదు. ఉల్లిపొట్టు, కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు, ఎవరో సగం తాగి వదిలేసిన టీ గ్లాసు, ఏది కంటపడితే అదే బొమ్మ.

ఇప్పుడు ఈ పింగాణీ జగ్గు మీద ఆవిడ పంచప్రాణాలూ పెట్టుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక ప్రదర్శన హాలువాళ్లు పిలిచి మరీ బొమ్మలు అడిగారు. ఈ ఒక్కటీ పూర్తయితే వారంలో అన్నీ పంపెయ్యొచ్చు. ఆ ఉదయం టీ ముగించి, నిన్నటి రంగు పలక గీకి శుభ్రం చేసుకుందామని గదిలోకి వెళ్లిన ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. కిటికీకి తెర లేదు.

ఆ తెర భర్త కట్టింది. పొద్దుటెండ భార్య కళ్లలో పడుతోందని, తెల్ల దుప్పటి చించి, తనే వంకరటింకరగా కుట్టి, కుర్చీ ఎక్కి కట్టాడు. ఆయన ఉండగానే అది పసుపెక్కడం మొదలైంది. ఆయన పోయాక ఆ గుడ్డని ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఏళ్ల తరబడి ఎండకి ఇంకా పసుపెక్కినా అలాగే ఉండనిచ్చింది.

కోడలు తడిచేతులతో వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి పళ్ల డాక్టరు, ఈ ఇంటికొచ్చి ఏడాది కూడా కాలేదు. తెర ఉతుకుదామని బకెట్లో వేశాననీ, నీళ్లు తగలగానే పీలికలైపోయిందనీ తలవంచుకుని చెప్పింది.

"దాన్ని ముట్టుకోమని నీకెవరు చెప్పారు?" అంది అత్తగారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కోడలికి కాస్త ధైర్యంగా ఉండేది.

కొడుకు పని అడకత్తెరలో పోకచెక్కలా అయింది. సాయంత్రానికల్లా కొత్త తెర తెస్తానన్నాడు.

"మీ నాన్న కుట్టింది ఏ కొట్లో దొరుకుతుందో చెప్పరా, నేనే వెళ్లి తెచ్చుకుంటాను."

ఆ తెరలోంచి వచ్చే వెలుగు పోయాక ఇక జగ్గు బొమ్మ పూర్తికాదనీ, ప్రదర్శనకి రానని హాలువాళ్లకి ఫోన్ చేసి చెప్పెయ్యమనీ కొడుకుతో అనేసింది ఆవిడ. అది విని కోడలు తలెత్తింది.

"ఒక్కమాట చెప్పనివ్వండి అత్తయ్యా, తర్వాత ఎంతైనా తిట్టండి. మేము పన్నుకి తొడుగు చేయించేటప్పుడు రంగు కిటికీ దగ్గరే చూస్తాం. పసుపు వెలుగులో పసుప్పచ్చ పన్ను కూడా తెల్లగానే కనిపిస్తుంది. మీ బొమ్మలు హాల్లోకి తెచ్చినప్పుడల్లా నాకు రంగు తేడాగా అనిపించేది. చెప్పే ధైర్యం లేక, తెర తెల్లబడితే మీకే తెలుస్తుందిలే అనుకున్నాను. అది చిరిగిపోతుందనుకోలేదు."

అత్తగారు చూడకూడదనే అనుకుంది. కానీ బొమ్మలు గీసే మనిషి కళ్లు చెప్పిన మాట వినవు. బల్ల మీద జగ్గు పాలలా తెల్లగా ఉంది. బొమ్మలో జగ్గుకి కామెర్లు వచ్చినట్టుంది. గోడకి ఆనించిన పాత బొమ్మలు ఒక్కొక్కటే ఇటు తిప్పింది. తువ్వాలూ, గ్లాసూ, ఉల్లిపొట్టూ, అన్నిటికీ అదే జబ్బు.

వెనకటి ప్రదర్శనలో ఆవిడ బొమ్మల ముందు ఎవరూ ఆగలేదు. అక్కడి దీపాలు మంచివి కావని ఇంటికొచ్చి ఏడిస్తే, భర్త వెళ్లి హాలువాళ్లతో పోట్లాడి వచ్చాడు. పాపం, ఆ దీపాలు నిజమే చెప్పాయి.

ఆవిడ స్టూలు మీద కూలబడి కొంగు మొహానికి అడ్డుపెట్టుకుంది. కోడలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, క్షమించమని ఎలా అడగాలో తెలియక ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఎండ నా కళ్లలో పడకూడదని కట్టారమ్మా ఆయన. నేను చూడకుండా ఉండటానికి కాదు. ఆయన ఉండుంటే ఎప్పుడో మార్చేసేవారు" అంది అత్తగారు ఏడుస్తూనే.

చాలాసేపటికి లేచి, పలక మీద గొట్టంలోంచి తెల్లరంగు పిండి, చాకు కొసతో కాస్త తీసి వెలుగులో పట్టుకుంది. ఇది జగ్గు రంగేనా అని అడిగింది. కోడలు కళ్లు చికిలించి, ఇంకా రవ్వంత పసుపుందని చెప్పింది. అత్తగారు మళ్లీ కలిపింది, మళ్లీ చూపించింది. అలా కలుపుతూండగా కోడలి క్లినిక్ వేళ దాటిపోయింది. ఆలస్యంగా వస్తుందని కొడుకే అక్కడికి ఫోన్ చేశాడు. హాలువాళ్లకి మాత్రం చెయ్యలేదు.

"ప్రదర్శన రోజున సెలవు పెట్టుకో" అంది అత్తగారు, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా.

"తప్పకుండా వస్తాను అత్తయ్యా, చూడటానికి."

"చూడటానికి కాదు, నా పక్కన నిలబడటానికి. ఈసారీ ఎవరూ ఆగకపోతే పోట్లాడటానికి ఆయన లేరుగా."

కోడలు నవ్వబోయి ఏడ్చేసింది.