వైరాగ్యం కాదు

"ఈ వెండి నెమలిని చేసింది మీరేనా?" అని ఇతిశ్రీ అడిగితే, కంసాలి బిరంచి తలెత్తకుండానే, "చేతులు చేశాయి" అన్నాడు.

ఎంత పొగరు అనుకుందామె. అక్క పెళ్లికని వెండి తీగపని నగ కోసం కటక్‌లోని ఆ వీధికి వచ్చింది. కొనకుండానే వెళ్లిపోయేదే గానీ వాన పట్టుకుంది. అతను కొట్టులోకి పిలిచి పీట జరిపాడు. చినుకులు తగ్గేసరికి నెమలి ఆమె సంచిలో ఉంది.

ఆ తర్వాత ఏవో వంకలతో వస్తూనే ఉండేది. ఆ వానాకాలమంతా పెరుగువడలమ్మే దహీబరా బండి దగ్గర ఇద్దరిదీ ఒకటే దొన్నె. ఆమె విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర పదాలకు ఒడియా మాటలు కూర్చేది. ఆఫీసు కబుర్లు చెప్పి నవ్వించేది. అతను ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాడు.

రెండేళ్ల కిందట మహానదిలో పడవ బోల్తాపడి అతని అన్న పోయాడు. అదే పడవలో ఉన్న బిరంచి ఈది ఒడ్డుకు చేరాడు. అన్నకు కొరివి పెట్టిననాడు కూడా అతని కంట చుక్క రాలలేదట. వీడు సన్యాసుల్లో కలిసిపోతాడేమోనని తల్లి కుంతల ఇతిశ్రీ దగ్గర దిగులుపడింది.

దసరా ముందు ఇతిశ్రీ తానే పెళ్లి మాట ఎత్తింది.

అతను ఆమె వైపు తిరిగాడు. "నీ పక్కన కూర్చున్నవాణ్ని నేనెక్కడో దూరం నుంచి చూస్తున్నట్టుంటుంది, ఇతీ. నువ్వంటే ఇష్టమని వాడు చెప్తాడు. ఆ ఇష్టం నాదో కాదో నాకే తెలీదు. అలాంటప్పుడు నీకు మాటెలా ఇవ్వను?"

"ఇష్టం లేదని చెప్పొచ్చుగా. ఇంత కథ దేనికి?" అని ఆమె లేచి వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత ఆమె బల్ల మీదికి 'డిపర్సనలైజేషన్' అనే పదం వచ్చింది. పక్కన పాత అనువాదకుడెవరో 'వైరాగ్యం' అని రాసిపెట్టాడు. కింది వివరణ చదువుతూ ఆమె ఆగిపోయింది. పెద్ద దెబ్బ తగిలాక కొందరికి తమ ఒళ్లు, తమ మాట, చివరికి తమ ప్రేమ కూడా పరాయివాళ్లవిలా తోస్తాయట. అది పిచ్చి కాదు. నిజమేదో వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది.

ఆ కాగితం పట్టుకుని తిన్నగా కొట్టుకు వెళ్లింది. ముందు క్షమించమంది. తర్వాత చదివి వినిపించింది. బిరంచి పట్టకారు పక్కన పెట్టేశాడు. దీనికో పేరుందా అని రెండుసార్లు అడిగాడు.

"కానీ వైరాగ్యం కాదిది," అన్నాడు. "వైరాగి తనంతట తాను వదులుకుంటాడు. నేనేదీ వదులుకోలేదు. దానంతటదే నా నుంచి ఊడిపోయింది."

ఆమె అక్కడే ఆ మాట కొట్టేసి, 'తనకు తానే పరాయి కావడం' అని రాసింది.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లారు. కూర్చోబెట్టి మాట్లాడించే వైద్యం నెలల తరబడి సాగింది. చాన్నాళ్లు ఏ మార్పూ లేదు. ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం ముగ్గురూ భోంచేస్తుండగా కుంతల మాటల్లో పెద్దకొడుకు పేరెత్తింది. బిరంచి నోట్లోని ముద్ద మింగలేకపోయాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇతిశ్రీ లేవబోతే, ఏడవనీ అని తల్లి సైగ చేసింది.

సాయంత్రం ఆమెను సాగనంపుతూ అతను గుమ్మంలో ఆగాడు.

"నేనింకా మొత్తం తిరిగి రాలేదు, ఇతీ. ఎప్పటికొస్తానో డాక్టరూ చెప్పలేదు. వచ్చినంతవరకు నీవాణ్ని. చాలుతుందా?"

"చాలు. మిగతాది వచ్చేదాకా ఉంటాను," అంది ఇతిశ్రీ. "పద, మీ అమ్మకు మాత్రం పెళ్లి మాట నువ్వే చెప్పాలి."

లోపల తల్లి ముందు ఆ మాట చెబుతుంటే గొంతు వణికింది. వణికింది తన గొంతేనని బిరంచికి తెలిసింది.