పంచదార మంచు

నా రాతలో గుణింతాల తప్పులుంటే క్షమించండి. యాభై ఏడో ఏట పలక పట్టినదాన్ని. చెయ్యి నిదానమే గానీ కథ నిదానంగా నడవదు.

1963 ఫిబ్రవరి. స్విట్జర్లాండ్ రాజధాని బెర్న్‌లో బోర్డు లేని ఒక ఆఫీసు. కర్నల్ బేబ్లర్ ఒక ఫోటోను బల్ల మీదుగా తోశాడు.

"ప్రొఫెసర్ హాల్మోష్. వాల్‌డ్రూనా శానటోరియంలో ఉన్నాడు. ఊపిరితిత్తుల ఆపరేషన్ అయింది, కదపకూడదు. విదేశీ ముఠా ఒకటి అతని నోరు మూయించాలని చూస్తోంది."

"తుపాకీతోనా?"

"పైనున్న మంచుతో. వాలులో బాంబు పెట్టారు. రేపు పగలు పన్నెండుకు పేలుతుంది. మంచును ఎవరూ అరెస్టు చెయ్యరు కదా."

"శానటోరియంలో ఇంకెంతమంది?"

"నలభై రెండు."

ఏజెంట్ గియేరీ కాడుఫ్ తల ఊపాడు. మూడేళ్ల కిందట తన భార్య శవాన్ని అలాంటి మంచు కిందనుంచే తవ్వి తీశాడు. అప్పటినుంచి భయం, సంతోషం రెండూ అతనికి ఎవరో దాచిపెట్టమని ఇచ్చిన సామానులాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున మంచు కొలిచే ఉద్యోగి వేషంలో వాల్‌డ్రూనాలో దిగాడు. స్కీ కర్ర పిడిలో ట్రాన్స్‌మిటర్. స్టేషన్ దగ్గర ఎర్ర స్వెటర్‌లో ఒక అందగత్తె ఎదురొచ్చింది.

"పంచదార ఎలా ఉందండీ?"

"అడుగున గరగరలాడుతోంది."

కోడ్ సరిపోయింది. ఆమె లదీనా. స్థానిక ఏజెంట్. పుట్టి పెరిగింది ఈ లోయలోనే అంది. బాంబు తూర్పు వాలులో ఉందని కూడా అంది.

ఇద్దరూ స్కీలతో కొండ ఎక్కారు. చెట్లు ఆగిపోయాక, కాడుఫ్ పాత నేస్తం ముసలి లూత్సీ గుడిసె వచ్చింది.

"ఒరేయ్ గియేరీ, ఇంకా బతికే ఉన్నావట్రా?"

"నువ్వు పోలేదుగా, నాకేం తొందర?"

లూత్సీ టీ పోశాడు. లదీనా నవ్వుతూ అడిగింది. "మీరు ఇక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు?"

లూత్సీ వెనక్కి తిరిగి చూశాడు. "ఎవర్నమ్మా అడుగుతున్నావు? ఇక్కడ నేనొక్కణ్నే."

కాడుఫ్ కప్పు కింద పెట్టాడు. ఆ లోయలో చెట్లు దాటితే 'మీరు' లేదు. బిషప్ వచ్చినా నువ్వే. తాడు విసిరేటప్పుడు మర్యాదలకు తీరిక ఉండదు. అక్కడ పుట్టినవాళ్లకు ఆ మాట నోటికే రాదు.

బయటికొచ్చి అతను పడమర వైపు తిరిగాడు.

"తూర్పని చెప్పానుగా" అంది లదీనా.

"అందుకే."

మంచు పొరలు చూడ్డానికి వాలు అంచున గుంట తవ్వాడు. పైన గట్టి పలక. దాని కింద ఒకదానికొకటి అంటుకోని గింజల మంచు, అచ్చం పంచదార. ఇరవై అడుగుల అవతల బండ పక్కన మంచులోంచి బాంబు తాలూకు సన్నటి తీగ కనిపించింది. అటు జరగడం మొదలుపెట్టాడు. పదకొండు యాభై ఆరు.

వెనక పిస్తోలు సిద్ధం చేసిన చప్పుడైంది. లదీనా వాలు మీదికి వచ్చి నిలబడింది.

"ఆగండి. కాల్చేస్తాను."

"కాల్చు. నేను పడతాను. ఎనభై కిలోలు ఒక్కసారిగా పడితే ఈ పలక ఆగదు. నువ్వు దాని మీదే ఉన్నావు."

ఆమె కదల్లేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది.

అతను స్కీలు విప్పి వాటిమీద బోర్లా పడుకుని, బరువంతా పరిచి, బెత్తెడు బెత్తెడుగా జరిగాడు. వుమ్మని కింద ఏదో కుంగింది. సన్నటి పగులు ఒకటి మంచు మీద పరుగెత్తింది. బండ దగ్గర ఆగింది. వేళ్లకు స్పర్శ లేదు. పళ్లతో తీగ లాగి ఊడబెరికాడు. పదకొండు యాభై తొమ్మిది.

తర్వాత బండెక్కి, ఆమెకు తాడు విసిరాడు. పిస్తోలు పారేసి పట్టుకుంది.

"నన్నెందుకు లాగుతున్నారు?"

"నువ్వు పడినా పలక విరుగుతుంది."

భోజనాల వేళకు ఆమెను పోలీసులకు అప్పగించి, చెట్లకు పైనున్న శానటోరియంలో కూర్చున్నాడు. సూప్ చల్లారిపోయిందని ప్రొఫెసర్ నర్సు మీద విసుక్కుంటున్నాడు. నర్సు కాడుఫ్ వైపు తిరిగింది.

"నీదీ చల్లారిందా?"

అతను మరో చెంచా తాగి చూశాడు.

"ఆయన్నే అడుగు. ఆయనకైతే తెలుస్తోందిగా."

— కోరుకొండ సింహాద్రమ్మ, 74 ఏళ్లు. ప్రస్తుతం ఉండేది స్విట్జర్లాండ్‌లోని కూర్ పట్టణం.