మూలుగుల పాయ

జటోబా నది మీద చీకటి పడ్డాక మూలుగుల పాయ వైపు ఎవరూ దోనె తిప్పరు. తొలివానలకు నీళ్లు అడవిలోకి ఎక్కగానే, అక్కడ మునిగి చచ్చిన రబ్బరు కూలీలు మూలుగుతారని దానికి పేరు. మూలుగు వినబడిందా... దీపం ఆర్పాలి, నోరు మూసుకోవాలి, వెనక్కి తిరగాలి. తాతల నాటి కట్టుబాటు అది.

ఎగువన ఆనకట్ట కట్టాక ఆ మూలుగులూ ఆగిపోయాయి. ‘దెయ్యాలను కూడా తరిమేశారు కదరా’ అని ఊళ్లో నవ్వుకున్నారు.

దల్వినాకి నవ్వు రాలేదు. ఆనకట్టవాళ్లు నీళ్లెంత వదిలారో కొలకర్రలతో చూడటం, చేపలు గుడ్లు పెట్టే చోట్లు వెతకడం ఆమె పని. ఏళ్లుగా అదే తిరుగుడు, ఒళ్లు హూనమైపోయింది. ఒక్క చోటు రుజువుతో చూపిస్తే, చేపపిల్లలు ఈదేదాకా అక్కడ నీళ్లు నిలుపుతామని ఆనకట్టవాళ్లు మాటిచ్చారు. ఆ ఒక్క చోటూ దొరికి చావలేదు.

ఆ రాత్రీ ఉత్త చేతులతోనే మరిది ఒజియాస్‌తో ఇంటిదారి పట్టింది. వారమంతా వానలు. నీళ్లు చెట్ల మొదళ్లు దాటాయి. పాయ మలుపులో —

హ్‌మ్మ్మ్... హ్‌మ్మ్మ్...

ఒజియాస్ గబుక్కున దీపం ఆర్పేశాడు.

“వదినా... తిప్పెయ్.”

తిప్పబోయింది. చేతులు లేవలేదు. భయంతో కాదు, అలసటతో.

“నన్ను తీసుకుపోతే పోనీరా. కాస్త పడుకున్నట్టుంటుంది.”

“నీ నోట్లో మన్ను పడ! ఆ ముక్క మా అన్నకి నేను చెప్పాలా?”

దోనె తనంతట తానే లోపలికి కొట్టుకుపోయింది. మూలుగులు నాలుగు వైపులా... ఆ తర్వాత అడుగు నుంచి. కాళ్ల కింద చెక్క వణికింది.

దల్వినా కళ్లు మూసుకుని నీళ్లలో చెయ్యి పెట్టింది. చల్లగా, నున్నగా ఏదో రాసుకుపోయింది. ఇంకోటి... ఇంకోటి...

“దీపం వెలిగించు.”

“వద్దు వదినా...”

“వెలిగించరా!”

నీళ్ల నిండా చేపలు! కురిమతా మగచేపలు ఆడవాటిని పిలుస్తూ మూలుగుతున్నాయి. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లూ భయపడి కొలకర్ర పాతని చోటు ఇదొక్కటే మరి!

ఫోన్ తీసి ఆ మూలుగంతా పట్టింది. తెల్లారగానే ఆనకట్టవాళ్లకి పంపిస్తే చాలు. కాపలాకి అక్కడే ఉండిపోయారు. కర్రపెండలం పిండి నానబెట్టుకుని తిని, చాలా ఏళ్లకి ఆమె హాయిగా నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి పాయంతా నిశ్శబ్దం.

“పని కానిచ్చుకుని పోయినట్టున్నాయి,” అన్నాడు ఒజియాస్.

అప్పుడే దోనె కింద వేరు గీరుకుంది... కర్ర్ర్...

ఎగువన ఆనకట్ట తలుపులు దించేశారు, నీళ్లు దిగిపోతున్నాయి. వెలుగొచ్చేసరికి అడవి నేల బయటపడింది. తడి ఆకుల మీద సగ్గుబియ్యం ఒలకబోసినట్టు గుడ్లు. దల్వినా దోసిళ్లతో గుంటల్లోకి ఎత్తి పోసింది, గుంటలు ఇంకిపోతున్నా పోసింది. ఒజియాస్ రెక్క పట్టుకుని లేపితేగానీ లేవలేదు.

“రుజువు ఉందిగా వదినా. వచ్చే ఏడాదైనా...”

“ఊఁ,” అంది. అంతకు మించి ఓపిక లేదు.

సాయంత్రం ఊరంతా ఆమె ఇంట్లో చేరింది. దెయ్యాలు కావు చేపలంటే ఎవరూ నమ్మరే! విసిగిపోయి ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కింది.

హ్‌మ్మ్మ్... హ్‌మ్మ్మ్...

మూలనున్న ముసలి అత్త జెనూరియా గొణుక్కుంటూ లేచి దీపం ఆర్పేసింది.

“చేపలే అత్తా, భయం లేదు” అని చెప్పబోయింది దల్వినా. పొద్దున దోసిట్లోంచి జారిపోయిన, ఒక్కటీ బతకని గుడ్లు గుర్తొచ్చాయి.

చీకట్లో ఆ మూలుగు సాగుతూనే ఉంది. ఈసారి అది చచ్చినవాళ్లదే.