నాలుగో మంచం మీద శవం

నాలుగో మంచం మీద కొల్లప్ప చచ్చిపోయి ఉన్నాడు.

ఎడమ చేతికి నల్లతాడు బిగించి ఉంది. మోచేతి మడతలో సూది దిగే ఉంది. పెనుగులాడిన గుర్తు ఒక్కటీ లేదు.

సబ్ ఇన్‌స్పెక్టర్ ఈశ్వరప్ప గడియారం చూశాడు. మధ్యాహ్నం మూడూ పది. శుక్రవారం.

వై.ఎన్.హొసకోట బస్టాండు వెనక, పాత శెనక్కాయల గోడౌనులో నడుస్తోంది ఆ సెంటర్. హెచ్.ఐ.వి. వచ్చినవాళ్లకు మందులు. మత్తు సూదులకు అలవాటు పడినవాళ్లకు మంచం, గంజి. ఖర్చంతా బెంగళూరులోని ఒక సంస్థది. ఇంకో మూడేళ్లు ఇవ్వాలా, ఆపాలా అని తేల్చడానికి వాళ్ల మనుషులు సోమవారం వస్తున్నారు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గరే ఆగి, ముక్కుకు కర్చీఫ్ పెట్టుకున్నాడు.

"దొంగతనంగా తెప్పించుకుని వేసుకున్నాడు. సెంటర్ నిర్లక్ష్యం అని రాసి పంపెయ్."

"అట్లా రాస్తే సోమవారమే మూసేస్తారు సార్."

"మూసేయనీ."

జీపు వెళ్లిపోయింది. ఈశ్వరప్ప నర్సు భాగీరథమ్మ వైపు తిరిగాడు.

"కొల్లప్ప మెడికల్ షాపు ఈయనదే కదమ్మా? హమాలీలకు నొప్పి సూదులు అమ్మింది?"

"ఈయనే సార్. ఒకే సూదితో అందరికీ పొడిచేవాడు. మూటలు మోసి ఒళ్లు నొప్పులని పోయినోళ్లు మత్తుకు అలవాటు పడినారు. రోగమూ తెచ్చుకున్నారు."

"సెంటర్ మూయించమని తాలూకు ఆఫీసులో అర్జీలు పెట్టిందీ ఈయనే?"

"ఈయనే. బేరం పోయిందని."

"మరి ఈ మంచం మీద ఏం చేస్తున్నాడు?"

"అమ్మి అమ్మి తానూ అలవాటు పడినాడు. పది రోజుల ముందు వచ్చి, ఎవరికీ చెప్పొద్దని నా కాళ్లు పట్టుకున్నాడు. ఎవరొచ్చినా మంచం ఇస్తాం సార్, మా పని అదే."

"డోసు ఎక్కువైందా?"

"ఆయన ఎప్పుడూ వేసుకునేంతే. అదే చంపింది. కొన్నాళ్లు మానిన ఒళ్లు పాత డోసు తట్టుకోలేదు. చేరిన రోజే ఆ మాట అందరికీ చెప్తాం."

"ఈ సూది మీదేనా?"

"కాదు. ఆయన అంగట్లోది."

అంటే ఎవరో తెచ్చి ఇచ్చారు. మధ్యాహ్నం భాగీరథమ్మ రోగుల ఇళ్లకు వెళ్లింది. సెంటర్లో ఉన్నది ఇద్దరే. రెండో మంచం మీద బైలప్ప, వంటింట్లో నాగక్క.

బైలప్ప ఒకప్పుడు శెనక్కాయల లారీలు నింపిన హమాలీ. ఇప్పుడు ఎముకల గూడు.

"కొల్లప్పను చంపుతానన్నావంట కదా?"

"దినామూ అంటాంటి సార్. కానీ నేను లేసి నిలబడాలంటేనే గోడ పట్టుకోవాల. వాన్ని సంపాలంటే వాడే నాకు చెయ్యి ఆసరా ఇయ్యాల!"

నవ్వబోయి దగ్గాడు.

"ఏమన్నా చూసినావా?"

"గంజి తాగి పండుకున్నా. కండ్లు తెరిచేతలికి సిస్టరమ్మ కేకలు."

నాగక్క వంటింట్లో రాగిముద్ద కెలుకుతోంది. తల ఎత్తలేదు.

"వానికి గంజి ఇచ్చినావా అక్కా?"

"అందరికీ ఇచ్చినట్లే ఇచ్చినా."

"మాట్లాడినాడా?"

"తాపేదే నా పని సారూ. మాటలకు నాకు జీతం లేదు."

పావగడ ఆస్పత్రిలో పోస్టుమార్టం ముగించి, శనివారం పదకొండు గంటలకు శవాన్ని ఇచ్చారు. స్నానం చేయించేచోట కొల్లప్ప పెళ్లాం లక్ష్మక్క ఈశ్వరప్పకు అడ్డం పడింది.

"నా మొగుని మొలతాడు యాడ సార్?"

"ఏందమ్మా?"

"పీనుగకు తెంపల్ల కదా. కత్తి పట్టుకుని చూస్తే నడుముకు లేదు. మీ ఆస్పత్రోళ్లకు తాడు మింద కూడా ఆశేనా?"

ఈశ్వరప్ప నేరుగా ఠాణాకు వెళ్లి, సీలు వేసిన కవరు విప్పాడు. శవం చేతికి కట్టిన నల్లతాడు బల్ల మీద పరిచాడు.

చేతికి కట్టి ఉంటే అందరూ చెయ్యి బిగించే తాడనే అనుకున్నారు. తనూ అంతే. నాలుగు పేటలుగా పేనిన మొలతాడు అది. ముడి విప్పింది కాదు, ఒక్క దెబ్బకు కోసింది. చేతికి వేసిన ముడిలో ఏదో ఎండి అంటుకుని ఉంది. గోటితో గీరి, నలిపి చూశాడు.

రాగిముద్ద.

సాయంత్రం నాలుగున్నరకు ముగ్గురినీ సెంటర్ వంటింట్లో కూర్చోబెట్టాడు. తాడు మధ్యలో పెట్టాడు.

"ఆ మంచం పక్కనే టవలు వేలాడుతోంది. చెయ్యి కట్టుకోవడానికి అది చాలు. ఎంత మత్తు పిచ్చి పట్టినా మన పక్క మగోడు ఊరికే మొలతాడు తెంపుకోడు. కొత్తది కట్టుకున్నాకే పాతది తీస్తాడు. ఉత్త నడుము పీనుగకే. కొల్లప్పను బతికుండగానే పీనుగ చేసిన మనిషి ఎవరో ఉన్నారు."

ముందు నర్సు వైపు తిరిగాడు.

"మీ ఇంట్లో ఆఖరుసారి ఎవరికి తెంపినారు? సిస్టరమ్మా?"

"మా మామగారికి. మా ఆయన తెంపినాడు."

"బైలప్పా?"

"మా నాయనకు సార్. నేనే తెంపినా."

"నాగక్కా?"

ముద్ద కెలికే కట్టె ఆగింది.

"తెంపలేదు."

"ఎవరికి?"

"నా కొడుకు బోరయ్యకు." గొంతులో ఏడుపు లేదు. "హమాలీ పనికి పోయినాడు. ఆ కొల్లప్ప సూదే వానికీ. ఈ సెంటర్ రాకముందే సచ్చిపాయ. ఊర్లో ఒక్కరూ ముట్టలా. గోనెపట్టలో సుట్టి, కట్టెలతో నూకి గుంతలో ఏసిరి. నన్ను దగ్గరికి పోనీలా. మొలతాడుతోనే మట్టిలో పాయ నా బిడ్డ."

"కొల్లప్పకు మందు తెచ్చింది నువ్వేనా?"

"నేనే. పది దినాలు వానికి గంజి తాపినా. 'అక్కా, అక్కా' అంటాడు, నేనెవరో వానికి తెలీదు. నిన్న నొప్పులు తాళలేక అంగడి బీగంచెవి నా చేతిలో పెట్టినాడు. మందు యాడుండేదీ చెప్పినాడు. మానినోడికి పాత డోసు విషమని సిస్టరమ్మ చెప్తాంటే నేనూ వింటి కదా. తెచ్చినా."

"మొలతాడు?"

"మందు కావల్లంటే తెంపనీ అన్నా. కొడవలి చూసినాడు. 'నన్ను పీనుగను చేస్తాండావే' అన్నాడు. 'ఔ, బోరయ్య అమ్మను' అన్నా. అప్పుడు గుర్తుపట్టినాడు." నాగక్క మొదటిసారి ఈశ్వరప్ప కళ్లలోకి చూసింది. "సూది నా చేతిలో ఉండె. దాన్నే చూసినాడు. ఆపైన నడుము పైకెత్తినాడు సారూ, తెంపేకి వీలుగా. చెయ్యి నేను కట్టినా. పొడుచుకున్నది వాడే."

భాగీరథమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వాడు మన పేషెంటు కదా నాగక్కా!"

"మీకు పేషెంటు."

"బోరయ్య పోయినప్పుడు మేము ఉండింటే మేమే కడిగేవాళ్లం. మా చేతులతో ఎత్తేవాళ్లం."

"లేరు కదమ్మా."

జీపు ఎక్కేటప్పుడు నాగక్క వెనక్కి తిరగలేదు. కూర్చున్నాక అడిగింది.

"తప్పు నాదే, సెంటర్‌ది కాదని రాస్తారా సారూ?"

"రాస్తాను. కానీ వంటమనిషే పేషెంటును చంపిన చోటికి డబ్బు ఇస్తారో లేదో, అది నా చేతిలో లేదు."

నాగక్క అప్పటిదాకా ఆ సంగతి ఆలోచించినట్టు లేదు. గోడ పట్టుకుని బైలప్ప గుమ్మం దాకా వచ్చాడు. అతని వెనక, సాయంత్రం మందుకోసం వచ్చినవాళ్లు, పసిబిడ్డను ఎత్తుకున్న ఒకామె, ఏం జరిగిందో తెలియక నిలబడ్డారు.

"మూసేస్తే వీళ్లు యాడికి పోతారు?" వాళ్లను చూస్తూ అడిగింది నాగక్క.

డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు.

"వాడు అర్జీల్లో అడిగిందీ అదే కదా సారూ!" నాగక్క రెండు చేతులతో సీటు అంచు గట్టిగా పట్టుకుంది. "వాడు సచ్చి కూడా గెలిచేటట్లు చేస్తినే!"